వ్యాను ఎందుకు ఇగ్గడం లేదు?

మన పక్క పల్లెల్లో వ్యాను ఎక్కని వాళ్లు లేరు. పెండ్లికి పోవాలంటే వ్యాను. కాన్పుకు ఆసుపత్రికి పోవాలంటే వ్యాను. తిరుమల కొండకు పోవాలంటే నాలుగిండ్ల వాళ్లు కలిసి ఒక వ్యాను మాట్లాడుకుంటారు. కొన్ని ఇండ్లలో ఆ వ్యానే కూడు పెడుతుంది. ఇంటాయన తోలుతాడు. ఇంటామె సంఘంలో అప్పు తెచ్చి ఉంటుంది. నెలనెలా కంతు కట్టేది ఆమె. బండి షెడ్డులో నిలబడిపోతే బాడుగ రాదు. బాడుగ రాకపోతే కంతు ఆగిపోతుంది. అందుకే ఈ పాఠం డ్రైవరు కంటే ముందు మీరు చదవాలి.

బండి పూర్తిగా చెడిపోతే ఒక రకంగా మేలు. తోసుకొని షెడ్డుకు పోతాం. మెకానిక్కు విప్పి చూస్తాడు. చెడింది కంటికి కనపడుతుంది. అప్పుడప్పుడు మాత్రమే చెడే బండితోనే తిప్పలు. పది దినాలు గుర్రం మాదిరి పోతుంది. పదకొండో దినం మిట్ట ఎక్కేటప్పుడు ఎకసిలేటరు ఎంత తొక్కినా ఇగ్గదు. ఆగి ఆగి, కుంటి కుంటి పోతుంది. వెనక లారీ వాడు హారను కొడతా ఉంటాడు. లోపల పిల్లలు భయపడతారు. తెల్లారి షెడ్డుకు తీసుకొనిపోతే అక్కడ చక్కగా పోతుంది. "బండి బాగానే ఉంది కదన్నా, ఏమైంది?" అంటాడు మెకానిక్కు. ఏం చెప్పాలో తెలియదు. ఏదో ఒక సామాను మార్చి పంపుతాడు. డబ్బు పోతుంది. రోగం పోదు.

చలిజ్వరం గుర్తు తెచ్చుకోండి. ఒక దినం వస్తుంది, ఒక దినం రాదు. ఆసుపత్రికి పోయిన దినం ఒళ్లు చల్లగా ఉంటుంది. అప్పుడు డాక్టరమ్మ ఏమడుగుతుంది? "జ్వరం ఏ పొద్దులో వస్తుంది? వణుకు ఉందా? ఎన్ని గంటలు ఉంటుంది?" అని అడుగుతుంది. మనం సరిగ్గా చెప్తే ఆమెకు సగం పని తేలిక. బండికి నోరు లేదు. దాని తరఫున మనమే చెప్పాలి. చెప్పాలంటే గుర్తుండాలి. గుర్తుండాలంటే రాసి పెట్టుకోవాలి. ఆ రాసే సంగతి తర్వాత చెప్తాను. ముందు ఇంజను ఎట్ల పని చేస్తుందో చూద్దాం.

ఇంజను కూడా ఒక పొయ్యే

మన వైపు ఎక్కువగా తిరిగింది మారుతి వ్యాను. అది 1984లో వచ్చింది. 1988లో దానికి ఓమ్ని అని పేరు పెట్టారు. 2019లో కంపెనీ దాన్ని తయారు చేయడం ఆపేసింది. పాతవి ఇంకా రోడ్ల మీద ఉన్నాయి. 2010లో ఈకో అనే వ్యాను వచ్చింది. రెండింటిలోనూ ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. డ్రైవరు ఇంజను మీదనే కూర్చున్నట్టు. ఎండాకాలంలో ఆ సీటు ఎంత కాలుతుందో కూర్చున్న వాళ్లకు తెలుసు.

పొయ్యి మండాలంటే ఏమేమి కావాలి? కట్టెలు కావాలి. గాలి కావాలి. అంటించడానికి నిప్పు కావాలి. కట్టెలు తడిసినా మండదు. గాలి ఆడకపోయినా పొగ వస్తుంది గాని మంట రాదు. అగ్గిపుల్ల తడిసినా అంతే. ఇంజనులోనూ ఈ మూడే. కట్టెల బదులు పెట్రోలు. ఊదుగొట్టం బదులు గాలి ఫిల్టరు గుండా వచ్చే గాలి. అగ్గిపుల్ల బదులు ప్లగ్గు. ప్లగ్గు కొసన చిన్న కరెంటు నిప్పురవ్వ పుడుతుంది. దాంతో పెట్రోలు ఆవిరి భగ్గున మండుతుంది. ఆ దెబ్బకు లోపలి ముషలం కిందికి పోతుంది. ఆ కదలికే చివరికి చక్రాన్ని తిప్పుతుంది. ఇదంతా నిమిషంలో వేల సార్లు జరుగుతుంది.

ఎకసిలేటరు తొక్కడం అంటే ఏంది? పొయ్యిలో ఇంకో కట్టె పెట్టి, ఇంకోసారి ఊదడమే. కాలితో తొక్కితే ఒక తీగ లాగుతుంది. ఆ తీగ గాలి పోయే దారిని వెడల్పు చేస్తుంది. ఎక్కువ గాలి, దానికి తగినంత పెట్రోలు లోపలికి పోతాయి. మంట పెరుగుతుంది. బండి ఇగ్గుతుంది. చాలా కొత్త బండ్లలో ఈ తీగ లేదు. కాలు ఎంత తొక్కిందో కనిపెట్టే చిన్న యంత్రం ఉంటుంది. దాన్ని సెన్సారు అంటారు.

ఓమ్ని ఇంజనులో మూడు సిలిండర్లు. మూడూ కలిపి 796 సీసీ. ముక్కాలు లీటరు కంటే కొంచెం ఎక్కువ. అంటే ఒక చెంబు పాటి. ఆ చెంబంత ఇంజను ఎనిమిది మందిని, వాళ్ల మూటల్ని మోయాలి. తిరుపతి నుంచి తిరుమలకు దాదాపు 700 మీటర్లు పైకెక్కాలి. అక్కడికి మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. ఇప్పుడు దాన్ని దిగడానికి వాడుతున్నారు. ఎక్కడానికి ఇంకో రోడ్డు ఉంది. ఎక్కేటప్పుడు ఇంజను తన బలమంతా పెట్టాలి.

అందుకే బండి జబ్బు మొదట మిట్టలోనే బయటపడుతుంది. చదును రోడ్డులో సగం పెట్రోలు అందినా పోతుంది. ఇంట్లో బియ్యం తగ్గిన సంగతి మామూలు దినం తెలియదు. పదిమంది చుట్టాలు వచ్చిన దినం తెలుస్తుంది. ఇదీ అట్లాంటిదే. మెకానిక్కు షెడ్డు ముందర చదును రోడ్డులో ఒక చుట్టు తిప్పి "బాగుంది" అంటే ఆయన మాట అబద్ధం కాదు. కాని ఆ పరీక్ష చాలదు. "మిట్టలో, మనుషుల్ని ఎక్కించి చూడన్నా" అని మీరు అడగాలి.

ముందు చెవి పెట్టి వినండి

బండి ఇగ్గనప్పుడు ఇంజను శబ్దం పెరుగుతా ఉందా, లేదా? ఇది ఎవరైనా గమనించవచ్చు. బండి తోలడం రావాల్సిన పని లేదు. వెనక సీటులో కూర్చొని కూడా వినవచ్చు.

శబ్దం బాగా పెరుగుతుంది, బండి మాత్రం ముందుకు పోదు అనుకోండి. పిండి మిల్లులో మోటారు గిర్రున తిరుగుతా బెల్టు జారిపోయినట్టు. రాయి తిరగదు. పిండి రాదు. బండిలో ఇంజను బలాన్ని చక్రాలకు అందించేది క్లచ్చి. అది అరిగితే ఇట్ల జారుతుంది. కాలిన వాసన కూడా రావచ్చు. అట్లాంటప్పుడు ప్లగ్గు మార్చినా, ఫిల్టరు మార్చినా లాభం లేదు.

శబ్దమే పెరగదు, ఇంజను ఉక్కిరిబిక్కిరి అయినట్టు కొట్టుకుంటుంది అనుకోండి. అప్పుడు పెట్రోలో, గాలో, నిప్పో సరిగ్గా అందడం లేదని అర్థం. లేదంటే ఎకసిలేటరు తీగ చిక్కుకొని ఉంటుంది.

ఇంకొకటి ఉంది. ఇంజను బాగానే పని చేస్తా ఉంటుంది. బండి మాత్రం ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు ఉంటుంది. బ్రేకు వదలకుండా చక్రాన్ని పట్టుకుంటే ఇట్ల అవుతుంది. బండి ఆపి చూస్తే మిగతా మూడు చక్రాల కంటే ఒకటి బాగా వేడిగా ఉంటుంది. చెయ్యి ఆనించొద్దు, కాలుతుంది. దగ్గర పెడితే చాలు, సెగ తెలుస్తుంది.

పెట్రోలు దారి

నా లెక్కలో ఎక్కువ తిప్పలు పెట్రోలు దారిలోనే ఉంటాయి. కాబట్టి దీన్ని కొంచెం నిదానంగా చదవండి.

ట్యాంకులోని పెట్రోలును పంపు లాగుతుంది. అది ఫిల్టరు గుండా ఇంజనుకు పోతుంది. ఫిల్టరు అంటే టీ వడగట్టే జల్లెడ లాంటిదే. పాత ట్యాంకులో తుప్పు ఉంటుంది. అడుగున మట్టి ఉంటుంది. ఫిల్టరు కొంచెం కొంచెంగా మూసుకుపోతుంది. కొంచెం పెట్రోలు సన్నగా పోతా ఉంటుంది కాబట్టి చదునులో తెలియదు. మిట్టలో ఎక్కువ కావాలి, అప్పుడు అందదు. బండి కాసేపు ఆపితే మట్టి కిందికి దిగుతుంది. మళ్లీ బాగా పోతుంది. "ఏమీ లేదులే" అని మనం మరిచిపోతాం.

ట్యాంకులో పెట్రోలు బాగా తక్కువ ఉంచి తిప్పే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. నూరు రూపాయలకు పోయించడం, పోవడం. చేతిలో డబ్బు లేక చేస్తాం, ఎవరినీ తప్పు పట్టలేం. కాని బోరుబావి సంగతి మనకు తెలుసు కదా. నీళ్లు అడుక్కు పోయినప్పుడు మోటారు బురదను, గాలిని లాగుతుంది. బండి కూడా అంతే. మిట్ట ఎక్కేటప్పుడు పెట్రోలు ట్యాంకులో ఒక పక్కకు జరుగుతుంది. తక్కువ ఉంటే పంపుకు గాలి అందుతుంది. ఇంజను తడబడుతుంది.

పెట్రోలులో నీళ్లు కలిసినా ఇదే బాధ. ఇప్పుడు అమ్మే పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారు. చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, నూకల నుంచి దీన్ని తీస్తారు. 2025 నాటికి నూరు లీటర్లలో 20 లీటర్ల దాకా కలిపే స్థితికి వచ్చింది. ఇథనాలు నీటి తేమను లాక్కుంటుంది. బండిని నెలల తరబడి కదిలించకుండా పెడితే, ట్యాంకు మూత సరిగ్గా లేకపోతే, తేమ చేరి నీళ్లు అడుగున నిలుస్తాయి. పాత బండ్లలోని రబ్బరు గొట్టాలు కూడా దీనికి తట్టుకోక గట్టిపడి పగలవచ్చు. పాత వ్యాను ఉన్నవాళ్లు ఆ గొట్టాలను ఒకసారి చూపించుకోవడం మంచిది. పెట్రోలు మీద అనుమానం ఉంటే బంకులోనే ఫిల్టరు కాగితం అడిగి పరీక్ష చేయించుకోవచ్చు. కొలత మీద అనుమానం ఉంటే 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమనవచ్చు. ఇవి అడగడం మన హక్కు. సిగ్గుపడే పని లేదు.

పాత కార్బొరేటరు బండ్లకు ఎండదెబ్బ కూడా తగులుతుంది. సీటు కింద వేడి అని పైన చెప్పుకున్నాం కదా. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు గొట్టంలోనే పెట్రోలు ఆవిరవుతుంది. పంపు ఆవిరిని సరిగ్గా లాగలేదు. పాత డ్రైవర్లు నీడలో ఆపి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసేది ఇందుకే. అరగంటకు చల్లబడి బండి పోతుంది. అయితే ఒక జాగ్రత్త. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత ఎవరినీ తియ్యనివ్వకండి. ఉడుకు నీళ్లు పైకి చిమ్మి ముఖం కాలుతుంది.

గ్యాసు మీద పోయే వ్యాన్లు కూడా ఉన్నాయి. వాటికి పరీక్ష సులువు. గ్యాసు మీద ఇగ్గక, పెట్రోలుకు మార్చగానే ఇగ్గితే తప్పు గ్యాసు పక్కనే ఉంది. రెండింటి మీదా ఇగ్గకపోతే ప్లగ్గు, గాలి ఫిల్టరు వైపు చూడాలి. కొందరు వంటింటి సిలిండరు నుంచి బండికి గ్యాసు పట్టిస్తారు. అది నేరం. అంతకంటే ముందు ప్రాణాలకు ముప్పు. కారిన గ్యాసు కంటికి కనపడదు. నేల మీద పరుచుకొని ఎక్కడో ఉన్న నిప్పును అందుకుంటుంది. మీ ఇంటి సిలిండరు వంటింట్లోనే ఉండాలి. ఈ విషయంలో ఇంటాయనతో పోట్లాడినా తప్పు లేదు.

గాలి, నిప్పు

గాలి ఫిల్టరు సంగతి చిన్నది. మట్టి రోడ్ల మీద తిరిగే బండికి, రాళ్ల క్వారీల పక్కన తిరిగే బండికి అది త్వరగా దుమ్ముతో నిండిపోతుంది. అప్పుడు నల్లటి పొగ వస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. తీసి దులిపితే తెలుస్తుంది. మరీ నల్లబడితే మార్చాలి.

నిప్పు పక్క తప్పు ఎక్కువగా వానలో బయటపడుతుంది. ప్లగ్గుకు పోయే తీగ చిట్లి ఉంటే తడికి కరెంటు పక్కకు పోతుంది. ఎండినాక మళ్లీ బాగుంటుంది. కరెంటు పక్క వేడికి చెడే సామాన్లు కూడా ఉన్నాయి. అవి చల్లగా ఉన్నప్పుడు పని చేస్తాయి, వేడెక్కితే ఆగిపోతాయి. కొత్త బండ్లలో ముందర చిన్న ఇంజను బొమ్మతో పసుపు దీపం వెలుగుతుంది. కొన్ని బండ్లు సెన్సారు చెడినప్పుడు వాటంతట అవే బలం తగ్గించుకొని నెమ్మదిగా మాత్రమే పోతాయి. ఆపి మళ్లీ స్టార్టు చేస్తే బాగుపడినట్టు ఉంటుంది. దీపం ఆరిపోయినా తప్పు గుర్తు యంత్రంలో రాసి ఉండవచ్చు. షెడ్డులో కంప్యూటరు పెట్టి దాన్ని చదువుతారు. కాబట్టి దీపం ఎప్పుడు వెలిగిందో చెప్పడం మరువకండి.

ఒక అక్క నోటుబుక్కు

మాకు తెలిసిన ఒక అక్క వాళ్లది పాత ఓమ్ని. చిత్తూరు నుంచి పలమనేరుకు బాడుగకు పోతా ఉంటుంది. ఆ దారిలో బంగారుపాళెం దాటినాక మొగిలి కనుమ ఎక్కాలి. ఆ కనుమలో వాళ్ల బండి అప్పుడప్పుడు ఇగ్గేది కాదు. ఒకసారి ప్లగ్గులు మార్చినారు. ఇంకోసారి కార్బొరేటరు కడిగించినారు. మూడు వేలకు పైగా ఖర్చయింది. "పంపు మార్చాలి" అని ఒక షెడ్డులో చెప్పినారు. అక్క ఆలోచించింది. సంఘం లెక్కలు రాసే నోటుబుక్కులో వెనక పేజీ తిప్పి, బండి లెక్క రాయడం మొదలుపెట్టింది. పెద్ద రాతలేమీ కావు. ఇట్ల ఉండేవి:

సోమవారం. పగలు 11 గంటలు. ఎండ. ఏడుగురు. కనుమలో ఇగ్గలేదు. అరగంట ఆపినాం. పోయింది.

గురువారం. రాత్రి 9 గంటలు. ఆరుగురు. కనుమలో ఇగ్గలేదు.

శనివారం. మధ్యాహ్నం 1 గంట. బాగా ఎండ. తొమ్మిది మంది. బంగారుపాళెంలో పెట్రోలు పోయించినాం. బాగా ఎక్కింది.

మంగళవారం. పొద్దున 10 గంటలు. చిత్తూరులో ట్యాంకు నిండా పోయించినాం. యాడా ఆపలేదు. ఐదుగురు. కనుమలో ఇగ్గలేదు.

(తొమ్మిది మందిని ఎక్కించడం తప్పే. ఆమె దాచకుండా రాసింది, నేనూ దాచలేదు.)

ఇప్పుడు మీరే ఆలోచించండి. ఎండ కారణమా? గురువారం రాత్రి కూడా ఇగ్గలేదు, శనివారం మండే ఎండలో ఎక్కింది. కాబట్టి ఎండ కాదు. బరువు కారణమా? తొమ్మిది మందితో ఎక్కింది, ఐదుగురితో ఎక్కలేదు. బరువు కాదు. పెట్రోలు తక్కువై ఇట్ల అయిందా? మంగళవారం ట్యాంకు నిండా ఉంది. అదీ కాదు. మరి శనివారం ఏం తేడా జరిగింది? కనుమకు ముందు బంకులో ఆగినారు.

పలమనేరులో ఒక పెద్దాయన మెకానిక్కు. ఆయనకు అక్క ఈ పేజీ చదివి వినిపించింది. ఆయన పానా ముట్టుకోలేదు. "బంకులో పెట్రోలు పోసే ముందు ఏం చేస్తారమ్మా?" అని అడిగినాడు. "మూత తీస్తారు" అని చెప్పింది. "ఈసారి కనుమలో ఆగితే ఇంజను ఆపి, ఊరికే మూత తీసి మళ్లీ పెట్టండి. చుట్టుపక్కల బీడీ, నిప్పు లేకుండా చూసుకోండి" అన్నాడు ఆయన. మరుసటి వారం అట్లే చేసినారు. మూత తియ్యగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది. అరగంట ఆగే పని లేకుండా బండి వెంటనే మిట్ట ఎక్కింది.

ఎందుకిట్ల? నూనె డబ్బాకు ఒకే బెజ్జం పెట్టి వంచండి. నూనె గుటుక్కు గుటుక్కుమని ఆగి ఆగి వస్తుంది. రెండో పక్క ఇంకో బెజ్జం పెట్టండి. ధారగా వస్తుంది. నూనె బయటికి పోయిన చోటికి గాలి రావాలి. పెట్రోలు ట్యాంకు కూడా అంతే. పెట్రోలు తగ్గే కొద్దీ లోపలికి గాలి రావాలి. ఆ గాలికి మూతలోనో, పక్క గొట్టంలోనో దారి ఉంటుంది. వాళ్ల బండి అసలు మూత ఎప్పుడో పోయింది. దాని బదులు కొన్న మూతలో గాలికి దారి లేదు. ఇరవై కిలోమీటర్లు ఆపకుండా పోయేసరికి ట్యాంకులో గాలి పలచబడి, పంపు లాగలేకపోయేది. ఆపితే సందుల్లోంచి నిదానంగా గాలి చేరి మళ్లీ పోయేది. ట్యాంకు నిండా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ, కాబట్టి ఇంకా త్వరగా ఇబ్బంది వచ్చేది. సరైన మూత రెండు వందల లోపే వచ్చింది.

అందరి బండికీ మూతే కారణం కాదు. మీ బండికి ఇంకేదో ఉంటుంది. కాని రాసే పద్ధతి అందరికీ ఒకటే. తేదీ, గంట, చోటు రాయండి. మిట్టా, చదునా రాయండి. ఎండా, వానా రాయండి. ఎంతమంది ఎక్కినారు, ట్యాంకులో ఎంత పెట్రోలు ఉంది, ఎంతసేపు పోయినాక ఆగింది, శబ్దం పెరిగిందా లేదా, ఏం చేస్తే బాగైంది, ఇవన్నీ రాయండి. బండి బాగా పోయిన దినం కూడా రాయాలి. శనివారం సంగతి రాయకుండా ఉంటే ఆ మూత ఎప్పటికీ దొరికేది కాదు. అక్షరాలు వంకరగా ఉన్నా ఫరవా లేదు. మీకు అర్థమైతే చాలు.

ఎకసిలేటరు పైకి రాకపోతే

ఇప్పటిదాకా తొక్కినా ఇగ్గని బండి గురించి చెప్పుకున్నాం. కాలు తీసినా ఆగకుండా దూసుకుపోయేది ఇంకా భయం. ఎకసిలేటరు తీగ నలిగి పోగులు పోగులుగా విడిపోతే పైపు లోపల చిక్కుకుంటుంది. ఒక దినం తొక్కినా కదలదు. ఇంకో దినం తొక్కితే పైకి రాదు. తొక్కేటప్పుడు గరగరమంటే, బిగుసుగా ఉంటే తీగ వెంటనే మార్పించండి. దాని ఖర్చు తక్కువ.

డ్రైవరు కాళ్ల కింద వేసే పట్టా కూడా జరిగి పెడలు మీదికి వస్తుంది. ఇది చిన్న విషయం అనుకోకండి. 2009 ఆగస్టులో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో లెక్సస్ అనే ఖరీదైన కారులో ఒకే కుటుంబం వాళ్లు నలుగురు చనిపోయినారు. కాళ్ల కింద పట్టా ఎకసిలేటరును పట్టేసింది. ఆ కారు టొయోటా కంపెనీది. తర్వాత ఆ కంపెనీ లక్షల బండ్లను వెనక్కి పిలిచి బాగు చేసింది. నిజం దాచి జనాన్ని తప్పుదారి పట్టించినందుకు 2014లో అమెరికా ప్రభుత్వానికి 120 కోట్ల డాలర్లు కట్టింది. మన వ్యాన్లలో పాత చాప ముక్క, గోతాము ముక్క, అట్ట వేస్తుంటారు. తీసెయ్యండి. నీళ్ల సీసా కూడా డ్రైవరు కాళ్ల దగ్గర పెట్టకండి. దొర్లి పెడలు కిందికి పోతుంది.

పెడలు చిక్కుకుంటే బ్రేకు గట్టిగా ఒకే పట్టున తొక్కాలి. గేరు న్యూట్రలుకు తేవాలి. ఇంజను అరుస్తుంది, అరవనీ. ఎడమ పక్కకు తెచ్చి ఆపినాక తాళం తిప్పాలి. పోతా ఉండగా తాళం బయటికి లాగితే స్టీరింగు బిగుసుకుపోవచ్చు.

కనుమలో బండి ఆగిపోతే

ఇగ్గడం లేదని తెలియగానే ముందు బండిని దాటే ప్రయత్నం మానాలి. ఎదురుగా లారీ వస్తుంటే సగంలో బలం పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తక్కువ గేరులోకి మార్చి, ఎడమ పక్కకు తీసి, మలుపు కాని చోట ఆపాలి. నాలుగు దీపాలూ మినుకు మినుకుమనే స్విచ్చి వెయ్యాలి. కొన్ని బండ్లలో ఇంజను ఆగితే బ్రేకు గట్టిపడుతుంది. బ్రేకు పోయిందని బెదరకూడదు, ఇంకా బలంగా తొక్కాలి. చేతి బ్రేకు లాగి, వెనక చక్రాల కింద రాళ్లు పెట్టాలి. పిల్లల్ని, ముసలివాళ్లను కొండ పక్క తలుపు నుంచి దించి, రోడ్డు దాటించకుండా బండికి దూరంగా నిలబెట్టాలి. బండి వెనక మాత్రం ఎవరూ నిలబడకూడదు. పోయేటప్పుడు ఆ రాళ్లు తీసి పక్కన వెయ్యండి. చాలామంది అట్లే వదిలేసి పోతారు. రాత్రి మోటారు సైకిలు మీద వచ్చేవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది.

జాతీయ రహదారి మీద సాయానికి 1033 నంబరుకు ఫోను చెయ్యవచ్చు. దెబ్బలు తగిలితే 108.

షెడ్డులో ఏం మాట్లాడాలి

"బండి ఇగ్గడం లేదు" అని మాత్రమే చెప్పి తాళాలు ఇచ్చి రాకండి. మీ పేజీ చదివి వినిపించండి. ఏం మారుస్తున్నారు, ఎందుకు, ఎంతవుతుంది అని ముందే అడగండి. ఒకసారికి ఒక్కటే మార్పించండి. నాలుగు ఒకేసారి మారిస్తే దేని వల్ల బాగైందో తెలియదు. మళ్లీ వస్తే మళ్లీ నాలుగూ మార్చాల్సి వస్తుంది. తీసేసిన పాత సామాను చేతికి ఇమ్మనండి. మంచి మెకానిక్కు ఇవన్నీ అడిగితే కోపపడడు, ఆయన పని సులువవుతుంది కూడా. బిల్లు తీసుకోండి. సామాను పేరు, ధర, తేదీ, బండి నంబరు అందులో ఉన్నాయా అని మీరే చదివి చూడండి.

డబ్బు తీసుకొని పని చెయ్యకపోతే, మార్చని సామానుకు డబ్బు వేస్తే 1915 నంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు. అది వినియోగదారుల సాయం నంబరు. జిల్లా వినియోగదారుల కమిషనులో అర్జీ కూడా ఇవ్వవచ్చు. 2019 చట్టం ప్రకారం, సొంతంగా బతుకుతెరువు కోసం కొన్న వస్తువైతే కొన్నవాళ్లను వినియోగదారులుగానే చూస్తారు. బాడుగకు తోలుకునే వ్యాను ఒక్కటి ఉన్న కుటుంబానికి ఇది వర్తిస్తుంది. మీరు కట్టిన డబ్బు 5 లక్షల లోపు ఉంటే అర్జీకి ఫీజు లేదు. తెల్ల కాగితం మీద జరిగింది జరిగినట్టు తెలుగులో రాసి, కింద సంతకం చెయ్యండి. బిల్లులకు, నోటుబుక్కులో ఆ తేదీల పేజీలకు జిరాక్సు తీసి జత చెయ్యండి. అసలువి మీ దగ్గరే ఉంచుకోండి.